బిషప్ గారు లేని కాలం

నాకు గురుపట్టం ఇచ్చి ఫాదర్‌ను చేసిన బిషప్ గారే నన్ను దమ్మపేట అవతల, అడవి మొదలయ్యే చోట ఉన్న విచారణకు పంపారు. విచారణ అంటే ఒక గుడి, ఆ గుడి కిందికి వచ్చే పల్లెలు, వాటిని చూసుకునే ఫాదర్. అలాంటి విచారణలన్నీ కలిస్తే మేత్రాసనం. దానంతటికీ పెద్ద బిషప్ గారు. ఏ ఫాదర్ ఎక్కడ ఉండాలో, ఎక్కడ కొత్త గుడి లేవాలో ఆయన చెప్పాలి. పట్టం పుచ్చుకునే రోజున మేం ఆయన చేతుల్లో మా చేతులు పెట్టి, మీ మాట వింటామని ఒప్పుకుంటాం. నేనూ అలాగే ఒప్పుకుని, ట్రంకు పెట్టె పట్టుకుని బస్సెక్కాను.

మాది ఎర్రుపాలెం వైపు. ఇంటినిండా మనుషులు. సెమినరీలో అంతకంటే ఎక్కువ, పడుకున్నా పక్క మంచం మీద ఎవరో ఒకరు దగ్గుతూ ఉండేవారు. ఒక్కణ్ణే కూర్చుని అన్నం తినడం అనేది నేను అడవికి వచ్చాకే నేర్చుకున్నాను.

నిజానికి మొదట్లో ఒక్కణ్ణి కాదు. అక్కడ పెద్ద ఫాదర్ ఒకాయన ఉండేవారు. రేకుల గుడి ఆయన కట్టించిందే. సాయంత్రం పూట వరండాలో పడక కుర్చీ వేసుకుని, ఏ గూడెంలో ఎవరికి ఎవరితో మాటల్లేవో నాకు చెప్పేవారు. ఎండాకాలం చివర ఆయనకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. పట్నంలో దవాఖానాకు దగ్గరగా ఉండాలని తీసుకెళ్లారు. బిషప్ గారు ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి నన్ను పిలిపించి, వానలు తగ్గగానే తోడుగా ఇంకొకర్ని పంపుతాను, అందాకా ఓపిక పట్టమన్నారు. మాటంటే మాటే ఆయనది. నేను పక్క గది కడిగించి, మంచానికి కొత్త నవారు అల్లించి పెట్టాను.

ఆదివారం బాగానే ఉండేది. గూడేల నుంచి జనం నడిచి వచ్చేవాళ్లు. పూజ అయ్యాక చెట్ల కింద కూర్చుని వాళ్ల భాషలో మాట్లాడుకునేవాళ్లు. నాకు అందులో సగం అర్థమయ్యేది కాదు. అయినా చెవికి బాగుండేది. ఎండ ఎక్కక ముందే అందరూ వెళ్లిపోయేవాళ్లు. ఇక మళ్లీ ఆదివారం దాకా నేనూ, రేకుల మీద వానా. అన్నం వండుకుని, టమాటా పప్పు కలుపుకుని, రేడియో పెట్టుకుని తినేవాణ్ణి. వార్తలు చదివే ఆమె నమస్కారం అంటే నేనూ నమస్కారం అనేవాణ్ణి. కొన్నాళ్లకు ఆ సంగతి నేనే గమనించి రేడియో కట్టేశాను.

మామూలు రోజుల్లో పొద్దున పూజకు వచ్చేది ఒకే ఒక్క మనిషి. బస్ స్టేజీ దగ్గర చాయ్ హోటల్ నడిపే పెద్దామె. పుట్టిల్లు తిరుమలాయపాలెం దగ్గర పల్లె. రోడ్డు పనికి వచ్చిన భర్తతో ఈ అడవికి వచ్చింది. ఆయన పోయాడు, ఆమె ఉండిపోయింది. ఆటో నడిపే కొడుకు, కోడలు ఆమె దగ్గరే. పొయ్యి రాజేసి, పాలు కోడలికి అప్పజెప్పి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గుడిలో ముందు చాప మీద కూర్చునేది. నేను చదివే ప్రార్థనకు గుడి మొత్తంలో ఆమె ఒక్కతే ఆమెన్ అనేది.

వానలు తగ్గాయి కానీ నాకు తోడు రాలేదు. దసరా సెలవుల తర్వాత ఒక మధ్యాహ్నం ఎస్టీడీ బూత్ ఆయన సైకిల్ మీద వచ్చి, పట్నం నుంచి ఫోన్ వచ్చిందనీ, బిషప్ గారు గుండెపోటుతో పోయారనీ చెప్పాడు. పోతనని చెప్పి వెళ్లిపోయాడు.

సమాధి కార్యక్రమానికి వెళ్లాను. కతీడ్రల్‌లో బలిపీఠం వెనక బిషప్ గారు కూర్చునే కుర్చీ ఒకటి ఉంటుంది. ఇంకెవరూ అందులో కూర్చోరు. ఆ రోజు దాని మీద తెల్ల గుడ్డ కప్పారు. అంతమంది గురువుల మధ్య నిలబడి కూడా నా చూపు ఆ కుర్చీ దగ్గరికే పోయింది. ఆ తర్వాత బిషప్ గారికి సలహాదారులుగా ఉన్న పెద్ద గురువులు కొందరు తలుపులు వేసుకుని కూర్చుని, కొత్త బిషప్ వచ్చేదాకా వ్యవహారాలు చూడమని తమలో ఒకరిని ఎన్నుకున్నారు. అడ్మినిస్ట్రేటర్ అంటారు. ఆయన బడి నడిపిన మనిషి, నెమ్మదస్తుడు. వరండాలో ఆయన్ను పట్టుకుని, నాకు తోడును పంపుతానన్న మాట గుర్తుచేశాను.

"ఆయన అన్నడు, నాకు తెలుసు," అన్నారాయన. "కానీ ఫాదర్, కుర్చీ ఖాళీగ ఉన్నప్పుడు కొత్తది ఏదీ మొదలుపెట్టొద్దు. ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడుడే నా పని. రోము నుంచి పేరు వచ్చేదాక ఎక్కడోళ్లం అక్కడ్నే ఉందాం."

ఎంతకాలం పడుతుందని అడిగాను. అది ఎవరికీ తెలియదన్నారు. నా భుజం తట్టి, ఇంకెవరో పిలిస్తే అటు వెళ్లారు.

మేం పూజలో పీఠం దగ్గర చదివే ప్రార్థన ఒకటుంది. అందులో పోపు గారి పేరు, ఆ వెంటనే మా బిషప్ గారి పేరు చెప్పి, వాళ్ల కోసం వేడుకుంటాం. బిషప్ లేనప్పుడు ఆ పేరు ఉండదు. పోపు గారి పేరు చెప్పి ముందుకు పోవాలి. తిరిగి వచ్చాక మొదటి రోజు నా నోరు అలవాటుగా ఆ పేరు దాకా వెళ్లి ఆగింది. మర్నాడూ ఆగింది. పెద్దామె ఊరుకోలేదు. పూజ అయ్యాక గడప దగ్గర నిలబడి, ఆ పేరు ఎందుకు చెప్పడం లేదని అడిగింది. చెప్పాను. అయితే మనకు పెద్ద దిక్కు లేనట్టేనా అంది. ప్రస్తుతానికి లేనట్టే అన్నాను.

అప్పుడు చెప్పింది తన బెంగ. చిన్నప్పుడు జ్ఞానస్నానం పొందింది గానీ, భద్రమైన అభ్యంగనం మాత్రం పొందలేదు. అది బిషప్ గారు ఊరికి వచ్చినప్పుడు నుదుటి మీద పరిమళ తైలంతో సిలువ గుర్తు వేసి ఇచ్చే సంస్కారం. ఆమె పిల్లగా ఉన్నప్పుడు బిషప్ గారు వచ్చిన రోజున తల్లి వెంట మిరపకాయలు ఏరడానికి వెళ్లింది. పెళ్లయి ఇక్కడికి వచ్చాక బిషప్ గారు ఈ గుడికి వస్తే ఆ రోజే కొడుకు పుట్టాడు. ఆ తర్వాత పిల్లల వరసలో నిలబడాలంటే సిగ్గేసింది. పోయిన బిషప్ గారికి ఒకసారి ధైర్యం చేసి చెప్పుకుంటే, ఈసారి వచ్చినప్పుడు తప్పకుండా ఇస్తానన్నారట. ఆయన నాకు చెప్పిన మాట, ఆమెకు చెప్పిన మాట రెండూ అలా మిగిలిపోయాయి.

ఆ రోజు నుంచి పొద్దున్నే పూజ అయ్యాక ఆమె ప్రశ్న ఒకటే.

"కొత్తాయన వచ్చిండా ఫాదర్?"

రాలేదనేవాణ్ణి. సరే అని చాయ్ హోటల్‌కు వెళ్లిపోయేది. నేను ఆ రోజుకు మనిషితో మాట్లాడిన మాట చాలాసార్లు అదొక్కటే.

పట్నంలో గురువుల సమావేశాలకు వెళ్తే అక్కడ అందరూ గుంపులు గుంపులుగా నిలబడి ఎవరు బిషప్ అవుతారో మాట్లాడుకునేవాళ్లు. అడవి నుంచి వచ్చిన నాకు పేర్లూ తెలియవు, లెక్కలూ తెలియవు. ఎలా ఉన్నావని అడిగి, జవాబు వినకముందే మళ్లీ ఆ మాటల్లో పడేవాళ్లు. ఈస్టర్‌కు ముందు పవిత్ర వారంలో, ఏడాదంతా సంస్కారాలకు వాడే తైలాలు ఆశీర్వదించడానికి కూడా మాకు బిషప్ లేరు. పక్క మేత్రాసనం నుంచి ఒకాయన వచ్చి ఆశీర్వదించారు. నా సీసాలు నింపుకుని, సంచిలో గుడ్డలు చుట్టి, బస్సు కుదుపులకు ఒలక్కుండా ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను.

మళ్లీ వానలు వచ్చాయి. ఒక రోజు పెద్దామె పూజకు రాలేదు. మర్నాడూ రాలేదు. ఖాళీ గుడిలో ఆమెన్ కూడా నేనే చెప్పుకున్నాను. మధ్యాహ్నం గొడుగు వేసుకుని బయల్దేరబోతుంటే ఆమె కొడుకే ఎదురొచ్చాడు. జ్వరం తలకెక్కింది, మలేరియా అంటున్నారు, వాగు పొంగి ఆటో పోయే దారి లేదు, అమ్మ మిమ్మల్ని పిలుస్తోంది అన్నాడు. తైలాల సంచి తీసుకుని వెళ్లాను.

హోటల్ వెనక గదిలో చాప మీద ఉంది. కోడలు తడిగుడ్డ వేస్తోంది. ఆరోగ్య కార్యకర్త మందు బిళ్లలు ఇచ్చి వెళ్లిందట. పెద్దామె కళ్లు తెరిచింది కానీ నన్ను గుర్తుపట్టినట్టు లేదు. నేను వచ్చానని కొడుకు ఆమె చెవిలో చెప్పాక పెదవులు కదిలించింది. వంగి విన్నాను.

"వచ్చిండా?"

మనిషి చావు దగ్గరికి వచ్చినప్పుడు, బిషప్ అందుబాటులో లేకపోతే, భద్రమైన అభ్యంగనం మామూలు గురువు కూడా ఇవ్వొచ్చు. మా చట్టంలో ఉంది. చదువుకున్నప్పుడు పరీక్షకు రాసిందే తప్ప నేను ఇవ్వాల్సి వస్తుందని అనుకోలేదు. రాలేదమ్మా, ఆయన బదులు నేనే ఇస్తాను, ఇది కూడా అదే అన్నాను. ఆమె తల ఊపిందో లేదో తెలియలేదు. నుదుటి మీద సిలువ గుర్తు వేశాను. ఆ గదిలో చాయ్ పత్తా వాసన, పరిమళ తైలం వాసన కలిసిపోయాయి. తర్వాత రోగులకు పూసే తైలం కూడా పూసి, సత్ప్రసాదపు రొట్టె చిన్న ముక్క ఇచ్చి, సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. కోడలు నాకు అన్నం పెట్టింది. చాలా రోజుల తర్వాత మనుషుల మధ్య తిన్న అన్నం.

పెద్దామె చావలేదు. వాగు తగ్గాక కొడుకు దవాఖానాకు తీసుకెళ్లాడు. వానలు వెలిసేసరికి కర్ర పట్టుకుని పూజకు వచ్చింది. నేను సంతోషంగా జరిగిందంతా చెప్పాను. ఆమె ముఖం మారింది. మరి కొత్తాయన వచ్చినప్పుడు నేను పొందొద్దా అని అడిగింది. ఒకసారి పొందితే మళ్లీ ఉండదని చెప్పాను. నాకు ఎర్కలేకుంటనే అయిపోయిందా అని, చాలాసేపు చాప మీదే కూర్చుండిపోయింది. తర్వాత కొన్నాళ్లు పూజకు వచ్చేది గానీ, ప్రశ్న అడగడం మానేసింది. రాలేదు అనే ఆ ఒక్క మాట కూడా నాకు కరువైంది.

కొత్త బిషప్ గారు ఆ చలికాలంలో వచ్చారు. మా గురువుల్లోంచి కాదు, వేరే మేత్రాసనం నుంచి. పట్నంలో అందరూ ఆశపడిన పేర్లు అలాగే పోయాయి. వచ్చిన కొన్నాళ్లకే అడవి విచారణలు చూస్తానని బయల్దేరి, మా దగ్గరికీ వచ్చారు. గూడేల పిల్లలు తెల్ల బట్టలు వేసుకుని అభ్యంగనం కోసం వరసగా నిలబడ్డారు. ఆ వరస చివర కర్ర పట్టుకుని పెద్దామె.

నేను వెళ్లి బిషప్ గారి చెవిలో, ఆమె ఇప్పటికే పొందిందని చెప్పాను. ఆయన తల ఊపారు. ఆమె వంతు వచ్చినప్పుడు తైలం గిన్నె నా చేతికిచ్చి, రెండు చేతులూ ఆమె తల మీద పెట్టి, ఏమీ పలకకుండా చాలాసేపు నిలబడ్డారు.

"ఏం కావాలమ్మా?" అని అడిగారు.

"ఏం వద్దయ్యా. వచ్చిండ్రు గద, జర చూద్దామని నిలబడ్డ," అంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నా పక్కకు వచ్చి, నీ చేతనే పొందిన, నయమైంది ఫాదర్, ఆయన చేతులు వణుకుతున్నయ్ అంది. ఆమె మళ్లీ నాతో మామూలుగా మాట్లాడింది ఆ రోజే.

పొద్దు వాలాక జనం వెళ్లిపోయారు. బిషప్ గారూ నేనూ వరండాలో కూర్చున్నాం. అప్పుడు నేనూ చూశాను, చాయ్ గ్లాసు పట్టుకున్న ఆయన చెయ్యి సన్నగా వణుకుతోంది. ఈ ఊళ్లు, మనుషులు, మాట తీరు అన్నీ ఆయనకు కొత్త. తన ఊళ్లో ఫాదర్‌గా ఉన్నప్పుడు సాయంత్రం నలుగురు వచ్చి కూర్చుని నవ్వుకునేవాళ్లమని చెప్పారు.

"ఇక్కడ నేను గదిలోకి అడుగుపెడితే అందరూ లేస్తారు," అన్నారు. "కూర్చోమంటే కూర్చుంటారు. కానీ అంతకుముందు మాట్లాడుకునే మాట ఆపేస్తారు. అదేంటో నాకెవరూ చెప్పరు."

కాసేపటికి, నువ్విక్కడ ఎలా ఉన్నావని అడిగి, జవాబు కోసం ఆగారు. చెప్పాల్సింది చాలా ఉంది. ఉన్నానండీ అని మాత్రం అన్నాను. ఆయన పక్క గదిలోకి వెళ్లి, ఎవరూ పడుకోని ఆ మంచం నవారును చేత్తో తడిమి చూశారు.

వేసవిలో బదిలీలు జరిగాయి. అడవి విచారణల్లో ఏ ఫాదరూ ఒంటరిగా ఉండకూడదని ఆయన మొదటి నిర్ణయం. నా చోటికి ఇద్దరిని పంపారు. నన్ను బిషప్ హౌస్‌కు పిలిచి, ఛాన్సలర్‌ను చేశారు. అంటే ఆయన ఉత్తర్వులు తయారు చేసి, వాటి మీద ఆయన సంతకం కింద నా సంతకం కూడా పెట్టే పని. మేత్రాసనం ఎలా నడుస్తుందో లోపలినుంచి అప్పుడు చూశాను. ఉన్న గురువులు కొద్దిమంది. ఒక చోట ఇద్దరిని పెట్టాలంటే ఇంకో చోట ఒకరిని తీయాలి. పట్నం గుళ్లలో సహాయకులుగా, బడుల్లో మాస్టర్లుగా ఉన్నవాళ్లను తీశారు.

అలా తీసినవాళ్లలో సెమినరీలో నా పక్క మంచం వాడు ఒకడు. పట్నం బడిలో పాఠాలు చెప్పుకుంటూ హాయిగా ఉన్నాడు. అడవి విచారణకు వెళ్లమన్న ఉత్తర్వు అందిన రోజునే ఆఫీసుకు వచ్చాడు. ఒరేయ్, కూర్చోరా అన్నాను. కూర్చోలేదు. బిషప్ గారికి ఒక మాట చెప్పమని, ఈ ఒక్క ఏడాదికి వదిలెయ్యమని అడిగాడు. చెప్పలేనన్నాను. అక్కడ ఒక్కణ్ణే ఉండటమంటే ఏమిటో నాకు తెలుసు, నువ్వు వెళ్లకపోతే అక్కడున్నవాడు ఒక్కడే అవుతాడు అన్నాను. నా మాట ఆఫీసు మాటలాగే వినిపించి ఉంటుంది. ప్యూను తెచ్చిన చాయ్ ముట్టకుండా వెళ్లిపోయాడు.

అతను వెళ్లాడు, అక్కడ కుదురుకున్నాడు, బాగా పనిచేశాడని అందరూ అన్నారు. తర్వాత గురువుల సమావేశాల్లో కనిపిస్తూ ఉండేవాడు. నేను గదిలోకి వెళ్లేసరికి వాళ్లంతా నవ్వుతూ ఏదో చెప్పుకుంటూ ఉండేవాళ్లు. నన్ను చూసి అతను కుర్చీ జరిపి చోటిచ్చేవాడు. మర్యాదకు లోటేమీ లేదు. అప్పటి నుంచీ నన్ను మీరు అనే అంటాడు.