ఏసన్న నోట్లో ఉన్న పేరు

ఆ రోజుల్లో ఆదోనిలో ఒక పత్తి మిల్లుకు వాలీబాల్ జట్టు ఉండేది. ఆ ఆటలో ఒక పక్కన ఎంతమంది ఉంటారో మిల్లు సేటుకు తెలియదు గానీ, దసరా పందేల్లో తన మిల్లు పేరు మైకులో మోగాలని మాత్రం మహా సరదా. బాగా ఆడేవాడు కనిపిస్తే పిలిచి పని ఇచ్చేవాడు. ఏసన్న అలా చేరినవాడే. పగలు ప్రెస్సు దగ్గర పత్తి బేళ్లు కట్టేవాడు, సాయంత్రం మిల్లు వెనక మైదానంలో బంతి ఎత్తేవాడు. రెండుచోట్లా అతను ఉన్నాడన్న సంగతి ఎవరికీ ప్రత్యేకంగా తోచేది కాదు.

బంతి ఎత్తడమంటే చిన్న పనేం కాదు. అవతలివాళ్లు కొట్టిన బంతిని మనవాడు ఒకడు ఎలాగో ఆపి వదిలేస్తాడు. అది ఎటు పోతే అటు పరిగెత్తి, వేళ్లతో మెల్లగా, నడుమ కట్టిన నెట్టు పక్కకు లేపి పెట్టాలి. దాన్నే లిఫ్టర్ పని అంటారు. తర్వాత ఇంకొకడు ఎగిరి దాన్ని పగలగొట్టినట్టు కొడతాడు. ఈలలన్నీ ఆ కొట్టినవాడికే. లిఫ్టర్ సంగతి పెండ్లి వంటవాడి సంగతే, ఉప్పెక్కువైతే తప్ప ఎవరికీ గుర్తు రాడు.

ఆ జట్టులో ఒక మర్యాద ఉండేది. పాయింటు పోతే, ఎవరి తప్పో వాళ్లు చెయ్యి ఎత్తాలి. ఎత్తితే చాలు, ఇంక ఆ మాట ఎవరూ ఎత్తరు. మంచి పద్ధతే. చెయ్యి ఎక్కువసార్లు లేచేది మాత్రం ఏసన్నదే. "తప్పులు సేసినా మంచోడప్పా, ఒప్పుకుంటాడు" అని మిగతావాళ్లు అతన్ని మెచ్చుకునేవాళ్లు కూడా.

ఆట అయ్యాక ఆ మంచివాడు ఒంటరిగా ఇంటికి పోయేవాడు. మిగతావాళ్లు సైకిళ్ల మీద ఇద్దరిద్దరుగా, ఆటలో జరిగిందంతా మళ్లీ చెప్పుకుంటూ పోయేవాళ్లు. అతని దారి చర్చి వైపు. పెండ్లాం లింగమ్మ పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. పక్కింటి ఈరమ్మ గోడ మీదుగా "తిన్యావా ఏసన్నా?" అంటే, "తింటినమ్మా" అనేవాడు. కొన్ని రోజులు ఇంటికొచ్చాక అతని నోటి నుంచి వచ్చేది ఆ ఒక్క మాటే. ఒంటరితనానికి అలవాటు పడతారని కొందరు అంటుంటారు. వాళ్లెవరో ఒంటరిగా ఉండి చూడలేదని నా అనుమానం. ఏసన్న అలవాటు పడలేదు. సాయంత్రం ఆ మైదానం ఒకటి ఉందన్న ఆశతోనే పొద్దు గడిపేవాడు.

ఎమర్జెన్సీ పోయి రెండేళ్లయినాక, ఆ ఎండాకాలంలో, అతని మోకాలు మొరాయించింది. వంగితే లేవదు, లేస్తే వంగదు. సేటు కబురు పెట్టాడు. "గేటు దగ్గర ఒక పని ఖాళీ ఉంది. కాలేజీలో ఆడే పిల్లోణ్ణి చూసి లిఫ్టరుగా తెచ్చుకోండి. దసరాలోపల పేరు చెప్పండి. ఏసన్నకు ప్రెస్సు పని ఉండనే ఉంటుంది." పని పోలేదు, సంతోషమే. మైదానం సంగతి ఎవరూ ఎత్తలేదు, అతనూ అడగలేదు.

ఇంక చూడండి తమాషా. జట్టు రెండుగా చీలిపోయింది.

ఒక పక్క నరహరి. ఆదోని కాలేజీలో బి.ఏ. చదివే కుర్రాడు, వాళ్ల తాతల నుంచీ మంత్రాలయంలో మఠం సేవ. మనిషి నిట్టనిలువు. బంతి ఎత్తడమే కాదు, ఎడం చేత్తో కొట్టనూ కొడతాడు. ఇంకో పక్క ఓబన్న. ఎమ్మిగనూరు జూనియర్ కాలేజీ, వాళ్ల నాయన మగ్గం నేస్తాడు. పొట్టి, నోట్లో మాట లేదు, వేళ్లు మాత్రం మెత్తన. నరహరికి ముగ్గురు, ఓబన్నకు ముగ్గురు. మొదటి ముఠాకు పెద్ద బసప్ప. బంతి కొట్టడంలో ఊరంతా పేరున్నవాడు, ఆ పేరు తనకు బాగా తెలిసినవాడు. రెండో ముఠాకు పెద్ద, జట్టు కెప్టెన్ అయిన భీమన్న, మిల్లులో కాటా దగ్గర పని చేస్తాడు.

"లిఫ్టరే కొట్టగలిగితే అవతలోడు ఎవర్ని కాసుకోవాలప్పా? వాని దిమ్మ తిరిగిపోతాది" అనేవాడు బసప్ప.

"వాడు కొట్టుకుంటా ఉంటే ఇంగ నీకు ఎత్తేదెవరు? ఆడ నిలబడి గోళ్లు గిల్లుకుంటావా?" అనేవాడు భీమన్న.

"నీ ఓబన్న మగ్గం గుంతలో కూసుని కూసుని కాళ్లు యాడ లేస్తాయి?"

"లిఫ్టరుకు కాళ్లెందుకులే, ఏళ్లు గావాల."

ఇలా తెల్లవారి టీ దగ్గర మొదలైతే పొద్దుగూకేదాకా తెగేది కాదు. చివరికి విసిగిపోయి భీమన్నే తేల్చాడు. "ముగ్గురు, ముగ్గురు. ఇన్నేండ్లు బంతి ఎత్తినోడు ఏసన్న. ఆయప్ప ఎవరి పేరు సెప్తే వాడే." అందరూ సరేనన్నారు.

ఆ సాయంత్రమే బసప్ప ఏసన్న ఇంటికి వచ్చాడు, చేతిలో మిరపకాయ బజ్జీల పొట్లంతో. లింగమ్మ పోయిన రోజు తర్వాత ఆ గడప తొక్కడం అదే మొదలు. కూర్చోమనడానికి చాప ఎక్కడుందో ఏసన్నకు వెంటనే గుర్తు రాలేదు.

"అన్నా, నువ్వు సెప్పేది నరహరి పేరే గదా?"

"సూడాల బసప్పా. ఇంగా ఇద్దర్నీ సూడాల."

మర్నాడు భీమన్న వచ్చాడు, ఇంకొకణ్ణి తోడు తీసుకుని. ఆ మర్నాడు బసప్ప మళ్లీ వచ్చాడు. భీమన్న వాళ్లు ఏం చెప్పి పోయారో కనుక్కోవాలి కదా. నాలుగో రోజుకు రెండు ముఠాలూ అక్కడే ఢీకొన్నాయి. ఇల్లంతా అరుపులు. ఏసన్న టీ కాచి, ఉన్న రెండు గ్లాసులూ చాలక, ఈరమ్మ దగ్గర చెంబులు అడిగి తెచ్చాడు. మరుసటి రోజు బజారుకు పోయి అరడజను గ్లాసులు కొన్నాడు. పోయి పోయి గాజు గ్లాసులు, గులాబీ పువ్వు బొమ్మవి.

"ఏం ఏసన్నా, ఇంట్లో పెండ్లా?" అంది ఈరమ్మ.

"ఆటోళ్లమ్మా. నేను ఒక మాట సెప్పాలంట" అన్నాడు, నవ్వు ఆపుకోలేక. ఆ నవ్వు చూసి ఈరమ్మకు ముచ్చటేసింది. ఆ మాట చెప్పేస్తే ఈ జనం రారన్న సంగతి ఆమెకు తట్టలేదు. అతనికి తట్టింది, మొదటి రోజే.

ఓబన్నను చూడాలని ఏసన్న అంటే, ఇద్దరు చాలరన్నట్టు ఆరుగురూ వెంటబడి బస్సెక్కారు. ఎమ్మిగనూరులో ఆ ఆదివారం ఏదో చిన్న పందెం. దారి పొడవునా వాదనే. కండక్టరు కూడా నరహరి పక్షం చేరాడు, అతను ఇద్దర్నీ చూసిన పాపాన పోలేదు. ఏసన్న కిటికీ పక్కన కూర్చుని వింటున్నాడు. బస్సులో అటు ఒకడు, ఇటు ఒకడు భుజం ఆనించి కూర్చుని తనతో మాట్లాడి ఎన్నేళ్లయిందో అనుకున్నాడు. మోకాలు సలుపుతున్నా ఊరు అప్పుడే రాకూడదనిపించింది.

ఆటలో ఓబన్న చక్కగానే ఎత్తాడు. నడుమ ఒక బంతిని, చేతికి అందదనుకున్నదాన్ని, నెట్టు అంచున తీసి నిలబెట్టాడు. అంతకంటే బాగా ఎవరూ పెట్టలేరు. కొట్టవలసినవాడు ఆలస్యంగా ఎగిరి దాన్ని నెట్టుకు తగిలించాడు. పాయింటు పోయింది. కొట్టినవాడు మొహం మాడ్చుకుని అటు తిరిగే లోపలే ఓబన్న చెయ్యి ఎత్తాడు, తప్పు తనదే అన్నట్టు.

ఏసన్న ఇన్నేళ్లూ చేసింది అదే. బసప్ప నెట్టుకు కొట్టిన ప్రతిసారీ, భీమన్న గీత అవతలికి పోగొట్టిన ప్రతిసారీ చెయ్యి ఎత్తింది తనే. కొట్టేవాడికి మనసు విరిగితే తర్వాతి బంతి కొట్టలేడు. అందుకని తప్పు ఎవరో ఒకరు మోయాలి. లోకంలో ఇలాంటి పిచ్చివాణ్ణి తనొక్కణ్ణే అనుకుంటూ వచ్చాడు. ఇప్పుడు ఎదురుగా ఇంకొకడు నిలబడి ఉన్నాడు, మూతి మీద మీసం కూడా సరిగ్గా రానివాడు. ఏసన్నకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఓబన్న పేరు అప్పుడే ఖాయమైపోయింది.

"సూసినావా అన్నా, ఎట్ల తప్పులు సేస్తాండాడో! వాడే ఒప్పుకుంటాండాడు" అన్నాడు బసప్ప.

"సూసినా" అన్నాడు ఏసన్న. ఆ చెయ్యి ఎందుకు లేచిందో చెబితే బసప్ప మొహం చూడలేడు. పేరు చెబితే ఇల్లు ఖాళీ అయిపోతుంది. "నరహరిని ఇంగోసారి సూసి సెప్తా."

అలా ఇంగోసారి, ఇంగోసారి అంటూ వారాలు దొర్లిపోయాయి. కౌతాళంలో నరహరి ఆడితే అక్కడికీ పోయారు. ఇంటికి రాని సాయంత్రం లేదు. వాదించి వాదించి వాళ్లు నరహరిని, ఓబన్నను వదిలేసి, వాళ్ల మేనమామల గుణగణాలు కూడా లెక్కలోకి తెచ్చారు. అంతా వినేవాడు ఏసన్న. అందరికీ టీ పోసి, చివరి గ్లాసు తను పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేవాడు. తప్పు చేస్తున్నానని అతనికి తెలుసు. కానీ ఆ సందడి వదులుకోవడం అతని వల్ల కాలేదు.

ఒక మధ్యాహ్నం, సెలవు రోజు, గడపలో ఓబన్న నిలబడ్డాడు. బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా అంతా దుమ్ము.

"అన్నా, మీతో ఒక మాట అడగాలని వచ్చినా. సోలాపురంలో మా మామ పవర్లూములో పనికి పిలుస్తాండాడు. సోమవారం రమ్మన్నాడు. మా నాయన పొమ్మంటాండాడు. ఈడ మీ మాట కోసరం ఆగినా. నన్ను వద్దంటే వద్దని సెప్పండన్నా. నాకేం కోపం లేదు, పోతా."

ఏసన్న గులాబీ గ్లాసుల వైపు చూశాడు. తను టీ గ్లాసులు నింపుకుంటూ కూర్చున్న ఇన్ని వారాలూ ఎమ్మిగనూరులో ఈ పిల్లవాడు ఒక్క మాట కోసం కాచుకుని ఉన్నాడు. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది.

"ఎన్ని గ్లాసులన్నా! మీ ఇంట్లో శానామందా?" అన్నాడు ఓబన్న, ఏం మాట్లాడాలో తెలియక.

"శానామందే నాయనా" అన్నాడు ఏసన్న. "నువ్వు సోలాపురం పోవద్దు. ఆరుగురూ వస్తారు, ఈ పొద్దే సెప్తా."

సాయంత్రం ఆరుగురూ చేరారు. బజ్జీలు, బొరుగులు, వాదన, అన్నీ మామూలే. ఏసన్న టీ పోశాడు. అందరూ గ్లాసు నోటికి ఆనించేదాకా ఆగాడు. ఇంకొంచెం ఆగాడు. తర్వాత, "ఓబన్న" అన్నాడు.

భీమన్న చంకలు గుద్దుకుంటూ లేచాడు. "సేటు ఇంటికి పోకముందే సెప్పల్ల, పాండి పాండి!" బసప్ప, "సరేలేప్పా, నీ ఇష్టం" అని చెప్పులు వేసుకున్నాడు. చూస్తుండగానే సైకిళ్ల గంటలు సందు మలుపు తిరిగిపోయాయి. చాప మీద గులాబీ గ్లాసులు సగం టీతో అలాగే ఉన్నాయి. ఎందుకు ఓబన్న అని ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి అతను ఏదో ఒక అబద్ధం కూడా సిద్ధం చేసుకుని ఉన్నాడు.

మర్నాడు ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఏసన్న పాలు మాత్రం కొన్ని రోజులు ఎక్కువే కొన్నాడు.

దసరా పందేలకు మున్సిపల్ మైదానం జనంతో కిక్కిరిసింది. ఏసన్న జట్టువాళ్ల సైకిళ్లు, తువ్వాళ్లు కాచుకుంటూ గీత బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఆట హోరాహోరీగా సాగుతోంది. ఓబన్న ఒక బంతిని పడబోతూ పడబోతూ లేపి, బసప్ప ముందు ముద్దలా పెట్టాడు. బసప్ప నెట్టుకు కొట్టాడు. జనం "అయ్యో" అన్నారు. ఓబన్న చెయ్యి లేచింది.

ఆట ఆగిన సందులో బసప్ప తువ్వాలు కోసం బెంచీ దగ్గరికి వచ్చాడు. మొహం తుడుచుకుంటూ నవ్వాడు.

"ఏం పిల్లోణ్ణి ఏరినావన్నా! అచ్చం నీ మాదిరే. అవే తప్పులు."

"అవునప్పా" అన్నాడు ఏసన్న.

బసప్ప తువ్వాలు అతని ఒళ్లో పడేసి పోయాడు. అవతల నెట్టు దగ్గర ఓబన్న ఒక్కడే నిలబడి బంతి కోసం చూస్తున్నాడు. మిగతావాళ్లంతా బసప్ప చుట్టూ చేరి, పోనీలెమ్మని వీపు తడుతున్నారు. ఓబన్న చూపు అటూ ఇటూ తిరిగి బెంచీ మీద పడింది. ఏసన్న బెంచీ పట్టుకుని, మోకాలు నొక్కుకుని లేచి నిలబడి, తన చెయ్యి పైకెత్తాడు.