ఆదెమ్మ పంచిపెట్టిన మెడ వైద్యం

పుంగనూరు పక్క పల్లెలో ఆదెమ్మకు ఒక పొట్టి ఆవుంది. నడుమెత్తు కూడా లేదు. పాలు పితకాలంటే కింద కూచుని, మెడ పక్కకు తిప్పి, చెంప దాని డొక్కకు ఆనించాల్సిందే. ఇంకెవరు చెయ్యి వేసినా తంతుంది. అలాంటిది, ఒకనాడు ఆమె ఎక్కిన ఆటోను వెనకనుంచి టెంపో గుద్దింది. ఆదెమ్మ తల కొరడా ఝళిపించినట్టు ముందుకూ వెనక్కూ ఊగింది. ఆ తరువాత మెడ తిరగలేదు. పక్కింటివాళ్లు పాపం తన్నులు తింటూ పితికి పెట్టేవాళ్లు, కానీ ఆవు సగం పాలే చేపేది, మిగతావి పొదుగులోనే బిగపట్టేది. ఇట్లాగే ఉంటే ఒట్టిపోతుందని ఆదెమ్మ దిగులు.

మదనపల్లె ఆసుపత్రిలో మెడ దెబ్బల వైద్యం మీద పరిశోధన జరుగుతోందని తెలిసి చేరింది. కొందరికి మెడపట్టీ, కొందరికి వ్యాయామాలు. ఎవరికి ఏదో చీటీలు తీసినట్టు కంప్యూటరే తేలుస్తుంది. ఏది మేలో డాక్టర్లకే ఇంకా తెలియదు. ఆదెమ్మకు వ్యాయామాలు వచ్చాయి.

"ఎవరి వైద్యం వాళ్లే చేసుకోవాలమ్మా, కలపకూడదు," అంది డాక్టరు వనిత.

కొన్ని వారాలకు గడ్డం భుజం వైపు కదిలింది. ఆ సంబరం ఆదెమ్మ కడుపులో ఆగితేనా! తిరుగు బస్సులో, అదే పరిశోధనలో చేరిన ఫ్లారెన్సు, కుప్పంలో బట్టలు కుట్టే మనిషి, ఎప్పుడూ ఆమెకు కిటికీ సీటు పట్టిపెట్టేది. ఫ్లారెన్సుకు వచ్చింది మెడపట్టీ.

"ఏమే, గంగిరెద్దుకు కట్టినట్టు కట్టినారే నీకు!"

"నవ్వు ఆదెక్కా, నవ్వు. నువ్వు మాత్రం గువ్వ మాదిరి తిప్పతాండావు."

"ఈడ సూడు, పట్టీ తీసి ఇట్ల మెల్లిగా తిప్పు. నొప్పొస్తే నిలుపు. దేవుడుండాడు."

ఆదెమ్మ ఊళ్లో జున్నుపాలు ఇరుగుపొరుగుకు పంచకుండా ఎవరూ నోట్లో పెట్టుకోరు. మేలైనది దాచుకోవడం ఆమెకు చేతకాదు. కలపకూడదన్నది మందుల మాటేననుకుంది.

మళ్లీ ఆసుపత్రికి వచ్చినరోజు గుమ్మంలోనుంచే అరిచింది. "డాక్టరమ్మా, ఫ్లారెన్సు గూడా తిప్పతాండాది! నేనే నేర్పించినా!"

వనిత చేతిలో పెన్ను ఆగిపోయింది. "అయ్యో ఆదెమ్మా! పట్టీవాళ్లు వ్యాయామం చేస్తే, దేనివల్ల నయమైందో మాకెట్లా తెలుస్తుంది?"

ఆదెమ్మ గబగబా లోపలికి వచ్చింది. మెడ ఇంకా పూర్తిగా తిరగనే లేదు. "నన్ను పంపించేస్తారా తల్లీ? ఆ పిల్లనేమీ అనొద్దు. తప్పు నాది."

"ఎవర్నీ పంపం. జరిగింది జరిగినట్టు రాసుకుంటాం. నువ్వు చెప్పకపోయుంటే మా లెక్కంతా తప్పుదోవ పట్టేది," అని వనిత నవ్వేసింది. "ఇకమీదట పట్టీవాళ్లొక రోజు, వ్యాయామంవాళ్లొక రోజు. మీ బస్సు స్నేహానికి నా దగ్గర మందు లేదు!"

గదంతా నవ్వులు. ఆదెమ్మ వదలకుండా వ్యాయామాలు చేసింది. మెడ ఎంత తిరుగుతోందో చివరిసారి కొలిచిననాడు వనిత ఆమె భుజం పట్టుకుని "తిప్పమ్మా" అంది. గడ్డం దాదాపు భుజం దాకా వెళ్లింది.

బస్సు దిగి పరుగులాంటి నడకతో ఇల్లు చేరింది. చేతులు కడుక్కుని, దండం పెట్టుకుని, చెంప డొక్కకు ఆనించింది. ఆవు ఒకసారి ఒళ్లు జలదరించి, నిలబడింది.

"చేపిందే! ఒసేయ్, రాండే, నాకు చేపింది!" వీధి వీధంతా ఉలిక్కిపడింది.