రెండుతో ఎందుకు భాగించాలి?

మా చిన్నప్పుడు... అంటే నాకు పదిహేనేళ్ళప్పుడు, బెంగళూరు దగ్గర జిగణిలో కడుతున్న ఒక మేడ పక్కన రేకుల షెడ్డులో ఉండేవాళ్ళం. కదిరి వైపు నుంచి వచ్చాం. మా నాయన ఇటుకల మేస్త్రీ.

కొత్త బడిలో హెడ్మాస్టరు నా తెలుగు మీడియం మార్కులు చూసి, "ఇంకో ఏడాది తొమ్మిదిలోనే కూర్చోనీ" అన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. లెక్కల సారు మాత్రం, "సోమవారం ఒక లెక్క ఇస్తాను సార్, చేస్తే పదిలో ఉండనీండి" అన్నారు.

లెక్క అంకశ్రేఢి మీద... ఒకే తేడాతో పెరుగుతూ పోయే సంఖ్యలు. అన్నీ కూడితే ఎంత? క్లాసులో ఒకమ్మాయి నోట్సు ఇచ్చింది. మొదటిదీ చివరిదీ కలుపు, ఎన్ని ఉంటే అంతతో గుణించు, రెండుతో భాగించు... అంతే.

నేను ఆ రెండు దగ్గరే ఆగిపోయాను. ఎందుకు భాగించాలి? బట్టీ పడదామన్నా మనసు ఒప్పలేదు.

ఆదివారం పొద్దున నాయన చూశాడు.

"ఏందిమ్మా, పేజీ తిప్పకుండా అట్లే చూస్తాండావు?"

నేలమీద గీసి చూపించాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు... మెట్లలాగా. మూడో తరగతితో బడి మానేసిన మనిషి. కాసేపు గడ్డం గోక్కుని, ఇటుక ముక్కలు తెచ్చి అట్లాగే పేర్చాడు. పక్కనే ఇంకోటి అలాంటిదే పేర్చి, తలకిందులు చేసి మొదటిదానికి ఆనించాడు.

నాలుగు వరుసలు... వరుసకు ఐదు. నున్నగా గోడ!

"మెట్ల లెక్క నాకు రాదు. గోడ లెక్క వస్తుంది. అందుకే గోడ చేసినా. ఇరవై ఉండాయి. దాంట్లో సగమే కదా మనది?"

రెండు మెట్లు కలిస్తే ఒక గోడ... ఆ రెండు ఇక్కడుందా!

సోమవారం సారు ఇచ్చిన లెక్క: 3, 7, 11... ఇలా పది సంఖ్యలు. చివరిది ముప్పై తొమ్మిది. పది వరుసలు గీసి, తిరగేసి ఆనించాను. వరుసకు నలభై రెండు. మొత్తం నాలుగొందల ఇరవై, సగం రెండొందల పది.

"సూత్రం యాడమ్మా?" అన్నారు సారు.

"రాయలేదు సార్... గోడ కట్టినాను."

ఆయన ఆ కాగితం పట్టుకుని లేచారు. తర్వాత నన్ను పదో తరగతికి తీసుకెళ్ళి, చేతికి సుద్దముక్క ఇచ్చి, "అందరికీ చూపించు" అన్నారు.

సాయంత్రం నాయనకు చెబితే పొగడలేదు. తాపీ కడుక్కుంటూ అడిగాడు... "ఆ పుస్తకంలో ఇంకా ఏమేం లెక్కలుండాయమ్మా?"

ఆ ఏడాదంతా ఇద్దరం కలిసే చదివాం.

ఇప్పుడు మా పాప లెక్కను ఫోటో తీస్తే ఫోను క్షణంలో జవాబు చెప్పేస్తుంది. మంచిదే... కానీ తనకూ తెలియక, మన పక్కన కూర్చుని గడ్డం గోక్కునే మనిషి ఆ ఫోనులో ఉండడు.

మీ పక్కన అలా ఎవరు కూర్చున్నారు? ఏ లెక్క దగ్గర? రాయండి... చదవాలని ఉంది.