కుడికాలన్నాను

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేదు, రాయడం రాక. యాభై దాటాకే అక్షరాలు దిద్దాను.

ఆరేళ్ల కిందట అమలాపురంలో ఒక స్కానింగ్ సెంటర్లో ఆయాగా ఉండేదాన్ని. ఎమ్మారై అంటే పెద్ద అయస్కాంతంతో ఒంటి లోపలి బొమ్మ తీయడం. పేషెంటు చేత మొలతాడు, తాయెత్తు తీయించి, మోకాలిని కాయిల్ అనే గూడులాంటి దాంట్లో అమర్చడం నా పని. ఏ కాలన్నది డాక్టరుగారి చీటీలో ఉండేది. నేను దాన్ని చదివినట్టు తలూపి, పేషెంటునే మాటల్లో పెట్టి తెలుసుకునేదాన్ని. నాకు చదువు రాదని అక్కడెవరికీ తెలియదు.

సత్తిబాబు ఉప్పలగుప్తం నుంచి వచ్చాడు. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపుతాడు. మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగిందేమోనని డాక్టరుగారి అనుమానం. చిరిగితే చెట్లెక్కకూడదు.

"ఎంత చెట్టయినా ఎక్కేస్తానండీ, ఈ సొరంగంలోకే కాళ్లు రావట్లేదు" అని స్కానింగ్ మిషన్ కేసి చూసి నవ్వాడు.

అతని కుడి మోకాలు వాచి ఉంది. చీటీ చూస్తూ, "కుడికాలని రాసేరు" అనేశాను.

"పట్టేసేది ఎడందండీ అక్కగారూ. కుడిది నిన్న గట్టు మీంచి జారితే వాచింది."

మాట మార్చుకుంటే నా గుట్టు బయటపడుతుంది. "కాగితంలో కుడిదనే ఉంది బాబూ" అన్నాను.

"ఆయ్. డాక్టరుగారికి తెలీదేంటండీ" అని కుడికాలు చాపాడు.

బయట జనం ఎక్కువగా ఉన్నారు. టెక్నీషియన్ నా మాట మీదే స్కాన్ తీసేశాడు. చీలిక లేదని రిపోర్టు వచ్చింది. సత్తిబాబు ఆ సంతోషంలో డాక్టరుగారికి చూపించకుండానే చెట్లెక్కాడు.

మూడు వారాలకి ఆటోలో తీసుకొచ్చారు. చెట్టు దిగుతుండగా మోకాలు పట్టేసి, జారిపడ్డాడు. ఈసారి, డాక్టరుగారు మొదటి చీటీలోనే రాసిన ఎడమకాలికి స్కాన్ తీస్తే, చిరిగిన ముక్క మడతపడి కీలులో ఇరుక్కుని కనిపించింది. ఆపరేషన్ చేసినా ఇక చెట్లు వద్దన్నారు.

అతని పక్కన నిలబడి, నాకు చదవడం రాదని చెప్పాను.

"ఏ కాలో నాకు తెలుసు గదండీ. కాగితంలో ఉందన్నారని ఊరుకున్నాను" అన్నాడు.

తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే చీటీలన్నీ టెక్నీషియన్ ముందు పెట్టి, ఎడమకి ఏ అక్షరమో, కుడికి ఏదో చూపించమన్నాను. ఎల్, ఆర్. అ ఆల కన్నా ముందు నేను నేర్చుకున్నవి అవే. తరవాత మొదటి పేషెంటుని పిలిచి, నొప్పి ఉన్న మోకాలి మీద ఆమె చెయ్యే వెయ్యమన్నాను. ఆ చెయ్యి చూశాకే చీటీ చూశాను.