ఎనిమిదో తరగతి గుమ్మం దగ్గర

దయ్యాలను నమ్మే మనిషిని కాను. మా అమ్మ ఎవరికి జ్వరం వచ్చినా ముందు దిష్టి తీసేది. నేను మాత్ర వేసుకుని పడుకునేదాన్ని. బడి వెనక పాత గదిలో ఏదో తిరుగుతుందని పిల్లలు భయపడితే, వాళ్లను వెంటబెట్టుకుని లోపలికి తీసుకెళ్లి, విరిగిన బెంచీలు చూపించి వచ్చేదాన్ని. ఇప్పటికీ నేను అదే మనిషిని. అందుకే ఇది రాయడం కష్టంగా ఉంది.

ఆబిడ్స్‌లో క్రైస్తవులు నడిపే ఒక మగపిల్లల బడిలో నేను తెలుగు టీచర్ని. మేం హిందువులం. మాది నల్గొండ వైపు పల్లె, ఇప్పుడు కాచిగూడలో కిరాయికి ఉంటున్నాం. బడిలో పిల్లలు కూడా అన్ని మతాలవాళ్లూ ఉన్నారు.

మా ప్రిన్సిపాల్ ఫాదర్‌ది గుంటూరు జిల్లా. పిల్లలు చదువొక్కటే కాదు, అన్నీ నేర్చుకోవాలంటారు. మా పిల్లలు తమ తరగతి గది తామే ఊడ్చుకుంటారు. బ్యాండు వాయిస్తారు, మొక్కలు పెంచుతారు. శనివారాలు ఒక్కో తరగతి నాంపల్లి వైపు దవాఖాన బయట కూర్చునే రోగుల బంధువులకు అన్నం పొట్లాలు పంచి వస్తుంది. దానివల్ల చదువు వెనకబడుతోందని ఒక తండ్రి గొడవకొచ్చినప్పుడు ఫాదర్ అన్న మాట నాకు గుర్తుంది. "మార్కులు వాళ్లే తెచ్చుకుంటారండీ. పక్కవాడి కష్టం కనబడాలంటే మాత్రం మనం నేర్పాలి."

ఇంకో పద్ధతి కూడా ఉంది. రోజూ పొద్దున పాఠం మొదలయ్యే ముందు తరగతి మొత్తం కాసేపు మౌనంగా కూర్చుంటుంది. కష్టంలో ఉన్న ఒక మనిషి పేరు ఎవరో ఒకరు చెబుతారు. ఎవరి దేవుణ్ణి వాళ్లు ఆ మనిషి కోసం అడుగుతారు. దేవుణ్ణి నమ్మని పిల్లవాడు ఊరికే ఆ మనిషి గురించి ఆలోచిస్తే చాలు. నేను క్లాస్ టీచర్‌గా ఉన్న ఎనిమిదో తరగతిలో పిల్లలు ఈ మౌనాన్ని చాలా శ్రద్ధగా పాటించేవాళ్లు. అవ్వకు కంటి ఆపరేషన్ అనో, ఆటో అంకుల్ కాలు విరిగిందనో చెప్పుకునేవాళ్లు.

ఒకరోజు టీచర్ల శిక్షణ ఉందంటే నేను ఇంటి నుంచి నేరుగా గన్‌ఫౌండ్రీలోని ఇంకో బడికి వెళ్లాను. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. మా బడి గేటు కూడా చూడలేదు. మర్నాడు నేను తరగతిలోకి వెళ్లగానే పిల్లలందరూ లేచి నిలబడ్డారు, కానీ రోజూలా గుడ్ మార్నింగ్ చెప్పలేదు. క్లాస్ లీడర్ ఫైజాన్ మెల్లగా అడిగాడు.

"మేడం, యాదగిరి అన్నకు ఎట్లుంది?"

"ఏ యాదగిరి?"

"మీ తమ్ముడు మేడం. నిన్న పొద్దుగాల మీరే వచ్చి చెప్పిన్రు గదా, దవాఖానల ఉన్నడని. మేం అందరం ప్రార్థన చేసినం."

నాకు యాదగిరి అనే తమ్ముడు ఉన్న మాట నిజం. చాదర్‌ఘాట్‌లో ఉండేవాడు, ఆఫీసులు తిరిగి జిరాక్స్ మిషన్లు బాగుచేసేవాడు. కానీ వాడి గురించి బడిలో ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. ఇంట్లో మేమంతా వాణ్ణి చిన్నోడు అనే పిలిచేవాళ్లం. ఆ పేరు వీళ్లకెలా తెలిసిందో నాకు అర్థం కాలేదు.

పిల్లలు చెప్పింది ఇది. నా బదులు రావలసిన టీచర్ ఇంకా రాకముందు నేను వచ్చానట. లోపలికి రాలేదట. గుమ్మం పట్టుకుని నిలబడ్డానట. ఆకుపచ్చ చీర కట్టుకున్నానట, జుట్టు రేగి ఉందట. తమ్ముడి పేరు చెప్పి, ప్రార్థన చేయమని అడిగి వెళ్లిపోయానట. వెనక బెంచీలో అల్లరి చేసే రిత్విక్ కూడా తల దించుకుని, "మీరు ఏడుస్తున్నరు మేడం, మాకు భయమైంది" అన్నాడు.

బయటికొచ్చి వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు ఏదో ఆఫీసులో పనిలో ఉన్నాడు. "ఏందక్కా, గీ టైంల చేసినవ్?" అన్నాడు. వాణ్ణి భయపెట్టడం ఇష్టంలేక సాయంత్రం ఇంటికి రమ్మని మాత్రం చెప్పి పెట్టేశాను.

ఫాదర్‌కు చెప్పాను. ఆయన ముందు పిల్లల్ని ఒక్కొక్కరినీ విడిగా పిలిచి మాట్లాడారు, నేను పక్కనే కూర్చున్నాను. ఎవరినీ గద్దించలేదు. సరదాకి చేసి ఉంటే చెప్పేయండి, శిక్ష ఉండదన్నారు. అందరూ ఒకే మాట చెప్పారు. ఫైజాన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నిజమే చెప్పాలని మీరే అంటరు ఫాదర్. నిజమే చెప్తున్న. ఇంక ఏం చెప్పాలె?" అన్నాడు.

తర్వాత కెమెరాలు చూశాం. వరండాలో ఉన్న కెమెరాలో మా తరగతి గుమ్మం కనిపిస్తుంది. ఆ పొద్దున అక్కడికి ఎవరూ రాలేదు. తరగతి లోపల ఇంకో కెమెరా ఉంది, అందులో పిల్లలు మాత్రమే కనిపిస్తారు. మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ ఉన్న పిల్లలు ఉన్నట్టుండి అందరూ కలిసి లేచి నిలబడ్డారు. టీచర్ వస్తే నిలబడినట్టే. అందరి ముఖాలూ గుమ్మం వైపే ఉన్నాయి. కొంతసేపటికి కూర్చుని తలలు వంచారు. అదే సమయానికి వరండా కెమెరాలో గుమ్మం ఖాళీగా ఉంది.

ఫాదర్ ఆ ముక్కనే మళ్లీ వేసి చూశారు. "వాళ్లు అబద్ధం చెప్పడం లేదమ్మా. అంతకు మించి నాకేమీ తెలియడం లేదు" అన్నారు.

నాకు ఒక్కటే ధైర్యం. నాకు ఆకుపచ్చ చీర లేదు. ఆ రంగు నాకు నప్పదని ఎప్పుడూ కొనలేదు. పిల్లలు ఎవరినో చూసి నేననుకున్నారని సర్దిచెప్పుకున్నాను. అయినా తమ్ముణ్ణి వదల్లేదు. మొండికేసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. రక్తం, బీపీ, గుండె అన్నీ చూపించాను. అంతా బాగుందన్నారు. తిరిగి వస్తుంటే దారి పొడుగునా వాడు నవ్వుతూనే ఉన్నాడు. "నీ ఫికర్‌తోనే నాకు బీపీ వస్తదేమో అక్కా" అన్నాడు. మరదలు సుజాతకు మాత్రం పిల్లలు చెప్పిన సంగతి చెప్పాను. ఆ పిల్ల వాణ్ణి కొన్నాళ్లు బండి నడపనివ్వలేదు. బస్సులో పంపించింది. కానీ దేని నుంచి కాపాడుకోవాలో మాకు తెలిస్తే కదా.

కొన్ని వారాలు గడిచాయి. మేం నెమ్మదిగా మరిచిపోసాగాం. అప్పుడు ఒక మధ్యాహ్నం నాంపల్లిలోని ఒక ఆఫీసులో మిషన్ ముందు కూర్చుని పనిచేస్తున్న వాడు పక్కకు ఒరిగిపోయాడు. తలలో రక్తనాళం చిట్లింది. దగ్గర్లోని ఆసుపత్రిలో చేర్చారు. మేం వెళ్లేసరికి మాట లేదు, ఊపిరి మిషన్ మీద ఉంది. ముందు చేయించిన పరీక్షల్లో ఇది తెలిసేది కాదా అని డాక్టర్ని అడిగాను. వాటిలో కనబడదమ్మా అన్నారు. తల స్కానింగ్ చేయించాలని నాకెవరు చెబుతారు? పిల్లలు కూడా దవాఖాన అన్నారే కానీ ఏ జబ్బో చెప్పలేదు.

మర్నాడు పొద్దున డాక్టర్ మమ్మల్ని పక్కకు పిలిచి, చూడాల్సినవాళ్లు ఎవరైనా ఉంటే పిలిపించుకోండి అన్నారు. సుజాత అక్కడే నేల మీద కూలబడింది. చేయడానికి ఇంకేమీ మిగల్లేదు. మందు తెమ్మనేవాళ్లు కూడా లేరు. బడి అక్కడికి దగ్గరే. వెళ్లకూడదని నాకు నేనే గట్టిగా చెప్పుకున్నాను. నేను ఆ గుమ్మంలో నిలబడితే పిల్లలు చెప్పింది నిజమైపోతుందని, నిలబడకపోతే వాడు బతుకుతాడని ఒక పిచ్చి ఆశ. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని గోడ పట్టుకున్నాను. కానీ వాడి కోసం నేను అడగగలిగిన మనుషులు ఈ లోకంలో ఆ పిల్లలు తప్ప ఇంకెవరూ గుర్తు రాలేదు. లేచి వెళ్లాను.

లోపలికి వెళ్లకుండా తరగతి గుమ్మం దగ్గరే ఆగాను. ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాను. పిల్లలు లేచారు. "మా తమ్ముడు యాదగిరి దవాఖానల ఉన్నడు బిడ్డా. ప్రార్థన చెయ్యండి" అన్నాను. పిల్లలతో బడిలో నేను ఎప్పుడూ ఆ యాసలో మాట్లాడను. ఆ మాటలు వాటంతటవే వచ్చాయి.

ఒక్క పిల్లవాడు కూడా ఆశ్చర్యపోలేదు. అందరూ నా చీర వైపు చూస్తున్నారు. అప్పుడు నేనూ చూసుకున్నాను. తెల్లారి సుజాత తల్లి, తమ్ముడి ఇంటి నుంచి బట్టలు తెచ్చి, ముందు రోజు నుంచి ఒంటి మీదున్నది మార్చుకోమంటే, రంగు కూడా చూడకుండా చుట్టుకున్నాను. అది సుజాత చీర. ఆకుపచ్చ చీర.

ఆ మధ్యాహ్నమే తమ్ముడు పోయాడు.

పదకొండో రోజు అయ్యాక బడికి వెళ్లాను. ఫాదర్ తన గదిలోంచి లేచి వచ్చి నమస్కారం పెట్టారు. తరగతిలో పిల్లలు ఎప్పటికన్నా బుద్ధిగా కూర్చున్నారు. పాఠం అయ్యాక రిత్విక్ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మేడం, మేం రెండుసార్లు చేసినం ప్రార్థన. మొదటిసారి యాదగిరి అన్న మంచిగనే ఉండె గదా. అంత ముందుగాల చేసినా ఎందుకు పని చెయ్యలె?"

వాడికి ఏమి చెప్పాలి? పక్కవాడి కష్టం చూడమని నేర్పాం, చూశారు. నిజం చెప్పమన్నాం, చెప్పారు. అడగమన్నాం, అడిగారు. వాళ్లు చేయాల్సిందంతా చేశారు. నేను వాడి తల నిమిరి, "నాకు తెలియదు నాయనా" అన్నాను. వాడు తల ఊపి వెళ్లిపోయాడు. ఆ జవాబుకు వాడు ఎంత నిరాశపడ్డాడో వాడి నడకలో తెలిసింది.

ఇదంతా జరిగి ఏడాది దాటింది. పిల్లలు తొమ్మిదిలోకి వెళ్లారు. చదువుకున్నవాళ్లను, డాక్టర్లను అడిగాను. పిల్లలందరికీ ఒకేసారి భ్రమ కలిగి ఉంటుందని ఒకరన్నారు. భ్రమకు మా తమ్ముడి పేరు ఎవరు చెప్పారని అడిగితే ఆయన మాట మార్చారు.

దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. ఆ పొద్దున వాడు బతికే ఉన్నాడు, నేనూ బతికే ఉన్నాను. వచ్చింది ఎవరో, ఏమిటో నాకు తెలియదు. ఒక్కటే నన్ను తినేస్తోంది. అది నేనే అయితే, అంత ముందుగా రాగలిగితే, గన్‌ఫౌండ్రీలో కూర్చున్న నా దగ్గరికి ఎందుకు రాలేదు? వాడి దగ్గరికి ఎందుకు పోలేదు? ఏమీ చేయలేని ఆ పిల్లల దగ్గరికి వచ్చి, ఎందుకు ఏడ్చింది?