వీసా కిటికీ దగ్గర నేనన్న మాట

ఆ దేశం పేరు ఇక్కడ రాయను. దాని మీద నాకు కోపమేమీ లేదు. నాకు వీసా ఇచ్చింది, పది రోజులు తిప్పి చూపించింది, క్షేమంగా వెనక్కి పంపింది. నేను చెప్పవలసింది దాని గురించి కాదు.

ఆమె నాకంటే రెండేళ్లు పెద్ద. వరంగల్‌లో మగ్గాలున్న గల్లీలో మా ఇళ్లు ఎదురెదురు. వాళ్ల నాన్న, మా నాన్న ఒకే చేనేత సొసైటీకి షత్రంజీలు నేసేవాళ్లు. పెళ్లిళ్లలో నేల మీద పరిచే చారల షత్రంజీలు. మా ఇద్దరిలో చదువు బాగా వచ్చింది ఆమెకే. ఎక్కాలు నాకు ఆమే నేర్పింది. కానీ ఏడో తరగతిలో ఉండగా వాళ్లమ్మకు ఆయాసం ముదిరి మగ్గం మీద కూర్చోలేకపోయింది. బడి మాన్పించి ఆ చోట్లో కూతురిని కూర్చోబెట్టారు. నేను చదువు సాగించి గవర్నమెంటు బడిలో సోషల్ టీచర్‌నయ్యాను.

హనుమకొండలో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయాక కూడా నా ఆదివారాలు ఆమె దగ్గరే గడిచేవి. అప్పటికి ఆమె భర్త పోయాడు, కూతురు పెళ్లయి హసన్‌పర్తిలో ఉంటోంది. నేను గడపలో నిలబడి "అక్కా" అంటే, మగ్గం ఆపకుండానే "రావే చెల్లె" అనేది. మాకు చుట్టరికం లేదు. ఆ రెండు మాటలే చుట్టరికం.

ఒక ఎండాకాలం ఇద్దరం పాలంపేటలోని పాత రాతిగుడి చూడటానికి వెళ్లాం. గుడిలో ఒక విదేశీ ముసలావిడ ఒకే స్తంభం ముందు కూర్చుని ఉంది. మేం చుట్టూ తిరిగి, ప్రసాదం తిని, నీడకు కూర్చుని, మళ్లీ లోపలికి వెళ్లేసరికి కూడా అక్కడే ఉంది. అక్క ఆమెనే చూస్తూ నిలబడిపోయింది.

"చెల్లె, గింత దూరం నుంచొచ్చి మన రాయిని గిట్ల చూస్తాండ్లు. మనం ఒక్కసారన్న పోయి వాళ్ల తాన ఏమున్నదో చూడొద్దా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. తిరుగు బస్సులో, పాస్‌పోర్ట్ ఎట్లా తీస్తారని అడిగింది.

పాస్‌పోర్ట్ రావడానికే ఏడు నెలలు పట్టింది. ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకులో ఒక పేరు, పుట్టిన తేదీ రెండింటిలో రెండు రకాలు. ఎంక్వయిరీకి వచ్చిన కానిస్టేబుల్ మగ్గం చూశాడు, ఆమెను చూశాడు.

"ఏం పని మీద పోతాన్నవమ్మా? బిడ్డ గిట్ట ఉన్నదా ఆడ?"

"ఎవ్వల్లేరు సార్. చూసొద్దామని."

"చూసొద్దామనా?"

"ఆ. చూసొస్త."

అతను ఇంకేదో చెబుతుందని కాసేపు ఆగాడు. ఆమె దగ్గర ఇంకేమీ లేదు. ఆ సంగతి తలుచుకుని మేం ఎన్ని రోజులు నవ్వుకున్నామో.

ఆ తరువాత ఆదివారాలన్నీ ఇంటర్వ్యూ ప్రాక్టీసే. ఆమె నేస్తుంటే నేను ఎదురుగా స్టూలు వేసుకుని ఆఫీసర్‌లా అడిగేదాన్ని. ఏం పని చేస్తారు, ఎందుకు వెళ్తున్నారు, ఎన్ని రోజులుంటారు. ఆఫీసులో తెలుగు చెప్పేవాళ్లు ఉంటారని తెలిసినా, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వస్తే మంచిదని నేనే పట్టుబట్టాను. బడిలో పిల్లల్ని సతాయించినట్టే సతాయించాను. అన్నిటికంటే ఆమెకు బాగా వచ్చిన ప్రశ్న ఒకటుంది. 'ఆర్ యూ ట్రావెలింగ్ అలోన్?' నేను అనడమే ఆలస్యం, "నో సార్, విత్ మై ఫ్రెండ్" అనేది. 'ఫ్రెండ్' అన్న మాట సరిగ్గా పలికే వరకు పదిసార్లు చెప్పించాను. పలికిన రోజున అటు పక్క మగ్గం మీదున్న ఆవిడకు వినపడేట్టు మళ్లీ ఒకసారి గట్టిగా అంది.

ఫారాలు నింపడానికి హనుమకొండలోని ఒక ఏజెంటు దగ్గరకు వెళ్లాం. ఏసీ పడదని ఆమె బయట కుర్చీలో కూర్చుంది. లోపల అతను నా జీతం కాగితాలు, డిపార్ట్‌మెంట్ పర్మిషన్ చూసి సంతోషించాడు. ఆమె కాగితాలు తిరగేసి పక్కన పెట్టాడు.

"మేడమ్, మీ ఫైలు స్ట్రాంగ్‌గ ఉన్నది. ఆమెది వీక్. ఇద్దర్ని కలిపి పెడితే ఆమెతోని మీది గూడ పోతది. నా మాటినుండ్రి, వేరే వేరే పెడ్దాం."

అతను టైపు చేస్తూ ఒక చోట ఆగాడు. మీతో పాటు ఇంకెవరైనా ప్రయాణం చేస్తున్నారా అన్న ప్రశ్న అది.

"ఏం కొట్టమంటరు?"

గాజు తలుపులోంచి ఆమె వీపు కనిపిస్తోంది. రోడ్డు మీది ఆటోలను చూస్తూ కూర్చుంది.

"లేరని కొట్టండి," అన్నాను. ఇద్దరి ఫారాల్లోనూ అట్లాగే కొట్టాడు.

బయటికి వచ్చి ఆమెతో, "రెండు ఫారాలు వేరే వేరే పెట్టిండ్రక్కా, కంప్యూటర్ అట్లనే తీసుకుంటదట" అన్నాను. "గంతేనా? సరే తియ్," అంది.

ఆమెకు ఆ ఒక్క జవాబు మార్చి నేర్పాలి. వచ్చే ఆదివారం చెబుదామనుకున్నాను. ఆ ఆదివారం వచ్చింది, ఆ తరువాతిదీ వచ్చింది. మార్చమంటే ఎందుకని అడుగుతుంది. అడిగితే ఏజెంటు గదిలో జరిగింది చెప్పాలి. అసలు ఆ ప్రశ్న రాకపోవచ్చని నాకు నేనే చెప్పుకున్నాను. పిల్లలకు పరీక్షల్లో ఏ ప్రశ్నలు వస్తాయో ఇరవై ఏళ్లుగా చెబుతున్నదాన్ని నేను.

ఇంటర్వ్యూ రోజు పొద్దున రైల్లో హైదరాబాద్ వెళ్లాం. కొత్త నేత చీర కట్టుకుంది. దారంతా పెదాలు కదుపుతూనే ఉంది. ఆఫీసులో లైను నడుస్తూ నడుస్తూ కిటికీ దాకా వచ్చింది. నేను ముందు, ఆమె నా వెనకాలే. గాజుకు అవతల ఒక ఆఫీసరమ్మ, ఆమె పక్కన తెలుగు చెప్పడానికి ఒకతను. మైకులోంచి వచ్చే మాటలు లైనులో ఉన్న వాళ్లందరికీ వినపడుతున్నాయి.

నా ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే సాగింది. ఏం పాఠాలు చెబుతారని అడిగింది. చెప్పాను. నవ్వింది. కాగితం మీద ఏదో రాస్తూ తల ఎత్తకుండానే అడిగింది.

"ఆర్ యూ ట్రావెలింగ్ అలోన్?"

"యెస్," అన్నాను. అక్కడితో ఊరుకోకుండా "అలోన్" అని కూడా అన్నాను.

వీసా వచ్చిందని చెప్పి పాస్‌పోర్ట్ ఉంచుకుంది. నేను పక్కకు జరిగి కొంచెం దూరంలో నిలబడ్డాను. అక్క కిటికీ దగ్గరకు వెళ్లింది. ఆ ప్రశ్నే ఆమెకు అన్నిటికంటే ముందు వచ్చింది, తెలుగులో.

"ఎవరితో వెళ్తున్నారమ్మా?"

ఆమె తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఏం చెప్పమంటవ్ అని అడిగినట్టుంది. నేను చేతిలో ఉన్న ఫైలు సర్దుకున్నాను.

ఆమె మళ్లీ అటు తిరిగి, "ఒక్కదాన్నే పోతాన్న సార్," అంది.

"మీకు ఇంగ్లీషు రాదు. ఇదివరకు ఏ దేశమూ వెళ్లలేదు. ఒక్కరే ఎలా తిరుగుతారు?"

"అడుక్కుంట తిరుగుత."

మా దగ్గర ఆ మాటకు దారి అడుగుతూ తిరగడమని కూడా అర్థం. తెలుగు చెప్పే అతను మా వైపు మనిషిలా లేడు. మైకు ఆపి ఆఫీసరమ్మతో ఏమని చెప్పాడో నాకు వినపడలేదు. ఆమె కనుబొమలు పైకి లేవడం మాత్రం చూశాను. నాలుగడుగులు వేస్తే కిటికీ దగ్గర ఉంటాను. ఈమె నా మనిషి, మేమిద్దరం కలిసి వెళ్తున్నాం అని చెప్పొచ్చు. వెయ్యలేదు. నిమిషంలో పాస్‌పోర్ట్ వెనక్కి ఇచ్చేశారు, దానితో పాటు ఒక కాగితం. మీరు తిరిగి వస్తారన్న నమ్మకం మాకు కలగలేదని అందులో రాసి ఉంది. దాన్ని ఆమెకు తెలుగులో చదివి చెప్పింది కూడా నేనే.

"నీకొచ్చింది గదా?" అంది బయటికి వచ్చాక.

"వచ్చిందక్కా."

"మంచిగైంది."

హోటల్లో టిఫిన్ తింటున్నంతసేపూ నేనే మాట్లాడాను. లాటరీ లాంటిదట, ఎంత పెద్దవాళ్లకైనా ఒక్కోసారి ఇట్లాగే అవుతుందట, మళ్లీ పెట్టుకోవచ్చట. ఆమె ఇడ్లీ తిని చెయ్యి కడుక్కుంది. రైలు ఘన్‌పూర్ దాటిన తరువాత మాట్లాడింది.

"ఆ ప్రశ్న నాకు తెల్సు చెల్లె. నువ్వే నేర్పినవ్ గదా."

"ఏజెంటు అట్ల చెప్పమన్నడక్కా. కలిపి పెడితే ఇద్దరిదీ పోతదన్నడు."

"అన్నడే అనుకో. నాకెందుకు చెప్పలె?"

నేను ఫైలు తీసి సంచిలో పెట్టాను.

"ముందుగాల చెప్తే నేనే వద్దందును. నువ్వు పోయిరాయే, వచ్చి నాకు చెప్పు అందును. ఆడి దాక తోల్కపోయి, అందరి ముంగట..." అని ఆగింది. కిటికీ వైపు తిరిగి కొంగు తల మీదికి లాక్కుంది. వరంగల్ వచ్చే వరకు మళ్లీ ఇటు తిరగలేదు.

అప్పుడైనా నేను ప్రయాణం మానుకోవచ్చు. సెలవు మంజూరైంది, టికెట్ కొనడం అయిపోయింది, మళ్లీ ఇట్లాంటి అవకాశం రాదు అని ఎన్నో కారణాలు దొరికాయి. అసలు కారణం ఒక్కటే. నాకు వెళ్లాలని ఉంది.

బయలుదేరే ముందు రోజు పొద్దున్నే ఆమె మా ఇంటికి వచ్చింది. కరివేపాకు పొడి ఒక డబ్బా తెచ్చింది. నేను సూట్‌కేసు ముందు చీరలతో కుస్తీ పడుతుంటే, "జరుగు," అని నన్ను పక్కకు జరిపి తనే కూర్చుంది. బట్టలన్నిటినీ షత్రంజీల్లా బిగించి చుట్టి వరుసగా పేర్చింది. స్వెట్టరు పైన పెట్టి, దిగంగనే కావాలె గదా, అంది. ఎన్ని రోజులుగానో అడుగుదామనుకున్న క్షమాపణ అప్పుడు నోటి దాకా వచ్చింది. "అక్కా..." అన్నాను.

"జిప్పు మెల్లగ గుంజు, తెగుతది," అంది.

ఆమె నన్ను తిడుతుందని, ఏడుస్తుందని ఎదురుచూశాను. తిడితే నాకు సుఖంగా ఉండేది. ఆ సుఖం ఆమె నాకివ్వలేదు.

ఆ పది రోజుల గురించి రాయడానికి ఎక్కువ లేదు. అన్నీ చూశాను. ఒక పాత ప్రార్థనా మందిరంలో రాతి స్తంభం ముందు, పాలంపేటలో ఆ ముసలావిడ కూర్చున్నట్టే కూర్చున్నాను. ఏం చూడాలో తోచలేదు. చలి వేస్తుంటే లేచి, అక్కడికి వెళ్లాక చేరిన టూరు గ్రూపులో కలిశాను. ఫొటోలకు మాత్రం ఎవరో ఒకర్ని బతిమాలేదాన్ని.

తిరిగి వచ్చాక చాక్లెట్లు, ఒక ఉన్ని శాలువా పట్టుకుని గల్లీకి వెళ్లాను. గడపలో నిలబడి "అక్కా" అన్నాను. మగ్గం ఆగింది.

"రాండ్రి టీచరమ్మా, కూసోండ్రి."

వేళాకోళం అనుకున్నాను. కాదు. ఆమె లేచి స్టూలు తుడిచి వేసింది. ఫోనులో ఫొటోలు చూపిస్తే ఒక్కొక్కటీ ఓపికగా చూసింది.

"ఇవి ఎవలు తీసిండ్లు?"

"ఎవరో. అడిగితే తీసిండ్రు."

"అంటే మీరు గూడ అడుక్కుంటనే తిరిగిండ్లన్నట్టు," అంది. మామూలుగానే అంది. ఆ తరువాత నాకు చాయ్ పెట్టి ఇచ్చింది.

మళ్లీ అప్లై చేద్దామని, ఈసారి ఇద్దరి పేర్లూ కలిపి రాయిద్దామని, కిటికీ దగ్గర నేనే మాట్లాడతానని చాలా చెప్పాను.

"వద్దు టీచరమ్మా. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

అప్పటి నుంచి అంతే. వెళితే స్టూలు వేస్తుంది, చాయ్ ఇస్తుంది, మీరు అంటుంది. గల్లీలో అందరూ నన్ను టీచరమ్మా అనే పిలుస్తారు. ఇప్పుడు ఆమె కూడా ఆ అందరిలో ఒకతె. కొన్నాళ్లకు నేను వెళ్లడం తగ్గించాను. ఆమె ఎందుకు రావడం లేదని అడగలేదు.

పోయిన చలికాలం కూరగాయల మార్కెట్‌లో ఆ గల్లీలో మగ్గాలకు దారం కండెలు చుట్టే ఆవిడ కనిపించింది. ఎండకు నల్లబడి, ముఖం కళగా ఉంది. ఊళ్లో లేవా ఏంటని అడిగాను.

"కన్యాకుమారి దాంక పోయొచ్చినం టీచరమ్మా! పన్నెండు రోజులు. మన గల్లీల ఆడోళ్లమే, బస్సు మాట్లాడుకోని. అక్కనే అందర్ని జమ చేసింది. సముద్రం చూసి అక్క ఎట్ల చేసిందనుకుంటాన్నరు, చిన్నపిల్ల తీర్గ నీళ్లలకెల్లి బయటికే రాలె."

"ఎంతమంది పోయిండ్రు?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"బస్సు నిండ పోయినం. ఒక్క సీటే మిగిలింది. ఎవలనన్న అడుగుదామంటే, అక్క ఇంకెవల్ని అడుగొద్దన్నది. ఆ సీట్ల బియ్యం సంచి, పొయ్యి పెట్టుకున్నం."

మంచిగైంది అన్నాను. టమాటలు సంచిలో వేయించుకుని వచ్చేశాను. మరుసటి ఆదివారం ఆ గల్లీ దాకా నడిచాను. ఆమె ఇంటి తలుపు తెరిచే ఉంది, లోపల మగ్గం ఆడుతోంది. కాసేపు ఎదురు గోడ పక్కన నిలబడ్డాను. "అక్కా" అని పిలవకుండానే ఇంటికి వచ్చాను.