నిద్రకి బయల్దేరిన అమ్మ

ఇంట్లో మనిషి పోయిన ఏడాది గుడికి వెళ్లకూడదు, పెళ్లికి వెళ్లకూడదు. మ్యూజియానికి వెళ్లకూడదని మాత్రం ఏ పెద్దలూ చెప్పలేదు. వాళ్ల కాలానికి మ్యూజియాలు లేవు మరి. ఆ సందు చూసుకునే మా అన్నయ్య ఆ ఫాల్గుణంలో అమ్మనీ నన్నూ హైదరాబాదు పబ్లిక్ గార్డెన్లో దింపాడు.

అప్పటికి నాన్న పోయి నెలన్నర. నేను అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో ఉండి జావా నేర్చుకుంటున్న రోజులవి. డిగ్రీ చేతికొచ్చిన ప్రతివాళ్లూ జావా నేర్చుకుంటున్న రోజులు కూడా. కబురందాక రాత్రి బస్సెక్కి తెనాలి వెళ్లాను. దినాలన్నీ దగ్గరుండి చూశాను. వచ్చినవాళ్లకి మంచినీళ్లిచ్చాను, వంటవాళ్లకి సరుకులు తెచ్చిచ్చాను. ఏడుపు మాత్రం రాలేదు. పిల్ల గట్టిది అన్నారు చుట్టాలు. గట్టితనమూ కాదు, గాడిదగుడ్డూ కాదు. పన్ను పీకించుకున్నాక పెదవి మొద్దుబారి, తాగే కాఫీ గడ్డం మీద కారుతున్నా తెలియదే, అలా ఉన్నాను.

మా వైపు ఒక పద్ధతుంది. భర్త పోయినావిడని దినాలయ్యాక పుట్టింటివాళ్లు తీసుకెళ్లి ఒక రాత్రి తమ ఇంట్లో పడుకోబెడతారు. నిద్ర చేయించడం అంటారు. ఆ నిద్ర అయ్యేదాకా ఆవిడ ఇంకొకరి గడప తొక్కకూడదు, తొక్కితే ఆ ఇంటికి మంచిది కాదని నమ్మకం. అమ్మకి పుట్టింటి తరఫున మిగిలింది ఒక్క తమ్ముడు. ఆయన ఫ్లాటు పంజాగుట్టలో. నాకేమో మర్నాడు పొద్దున్న బేగంపేటలో ఇంటర్వ్యూ ఉంది. రెండు పనులూ కలిసొస్తాయని అన్నయ్య తన పాత కారు తీశాడు.

బయల్దేరేటప్పుడు ఒక సంగతి గమనించాను. మా ఇంట్లో ఎవరు ఏ పని మీద వెళ్తున్నా అమ్మే ఎదురొచ్చేది. నా పరీక్షలకైతే అదొక నాటకం. అమ్మ పెరటి గుమ్మంలోంచి వెళ్లి, సందు చుట్టూ తిరిగి, నీళ్ల చెంబుతో వీధిలోంచి ఏదో అనుకోకుండా వస్తున్నట్టు వచ్చేది. నాన్న అరుగు మీద నిలబడి, "ఆగు, ఆగు, మీ అమ్మ ఇంకా మలుపు తిరగలేదు" అనేవాడు. నాకు నవ్వాగేది కాదు. ఆ రోజు మాకు ఎదురు రావడానికి ఎవరూ లేరు. వచ్చే మనిషి కారులో వెనక సీట్లో కూర్చుని ఉంది. అన్నయ్య వీధిలోకి అటూ ఇటూ చూసి కారు తీశాడు.

కోదాడ దాటాక రోడ్డుకి రెండు వైపులా మోదుగులు ఆకు లేకుండా ఎర్రగా పూసి ఉన్నాయి. మామూలుగా అయితే అమ్మ దారిలో కనిపించిన ప్రతి చేనుకీ మార్కులు వేసే మనిషి. వీళ్లెవరో బద్ధకస్తులు, కలుపు తియ్యలేదు చూడు అంటుంది. ఆ రోజు కిటికీలోంచి చూస్తూనే ఉంది గానీ, ఎవరి చేనునీ ఏమీ అనలేదు. నేనూ మోదుగులు చూశాను. బాగున్నాయని తెలుస్తోంది, బాగున్నట్టు మాత్రం అనిపించడం లేదు.

సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు అన్నయ్య ఎస్టీడీ బూత్ నుంచి మావయ్యకి ఫోన్ చేశాడు. మావయ్య కొడుక్కి సంబంధం ఖాయం చేసుకోవడానికి ఆడపిల్లవాళ్లు ఆ మధ్యాహ్నమే వస్తున్నారట. ఉన్నట్టుండి కుదిరిందట. వాళ్లు వెళ్లాక, ఆరు దాటాక రమ్మన్నాడు. అమ్మ "మంచిదేగా" అని టీ మొత్తం తాగేసింది. ఆ ఆరయ్యేదాకా మేం ఎక్కడుండాలన్నది ప్రశ్న. గుడికి కూడదు. సినిమాకి బాగోదు. నా హాస్టలుకి మగవాళ్లని రానివ్వరు. అలా మ్యూజియం వచ్చింది. నిద్ర కాకుండా గడప తొక్కడం ఏంటని అమ్మ గొణిగితే, సర్కారు గడపకి మైలేంటమ్మా అన్నాడు అన్నయ్య.

మ్యూజియంలో మాకు కత్తులూ నాణేలూ ఒకలాగే కనిపించాయి. విగ్రహాల గదిలో మాత్రం అమ్మ చేతులు దణ్ణానికి సగం లేచి ఆగిపోయాయి. గుళ్లో దేవుడైతే ఏడాది దాకా కూడదు. ఇక్కడున్నది దేవుడో, వస్తువో ఆవిడకి తేలలేదు. పమిట సర్దుకున్నట్టు చేసి చేతులు దించేసింది.

జనమంతా ఒక గాజుపెట్టె దగ్గర మూగి ఉన్నారు. స్కూలు పిల్లలు వరసకట్టి ఉంటే అమ్మ కూడా ఆ వరసలో నిలబడింది. వంతు రాగానే అద్దం మీద చెయ్యి వేసి వంగి చూసింది. గుడ్డలు చుట్టి నల్లగా ఎండిపోయిన చిన్న ఆకారం. బొమ్మా అని కాపలా మనిషిని అడిగింది.

"బొమ్మెక్కడిదమ్మా, అసలు మనిషే. ఈజిప్టు దేశంల రాజు బిడ్డ. చిన్నపిల్లనే," అన్నాడు ఆయన.

అమ్మ అద్దం మీంచి చెయ్యి తీసేసింది. బయటికొచ్చి చెట్టు కింద నిలబడి అన్నయ్యని నిలదీసింది. శవం ఉందని ముందే చెప్పొద్దా? శవాన్ని చూసి, తలకి పోసుకోకుండా తమ్ముడింట్లో ఎలా అడుగు పెడుతుంది, అదీ సంబంధం కుదురుతున్న ఇంట్లో? వేల ఏళ్ల నాటి శవానికి మైల ఉండదని అన్నయ్య వాదించాడు.

"అన్నేళ్ల నుంచీ ఆ పిల్లకి దినం పెట్టినవాళ్లే లేరన్నమాట," అంది అమ్మ.

అన్నయ్య నవ్వాడు. నేను నవ్వలేదు, బాధా పడలేదు. ఇంటర్వ్యూకి చదవాల్సిన పాఠాలు ఎన్ని మిగిలాయో లెక్కేసుకుంటున్నాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. అప్పుడు రావాల్సినవి అన్నీ నాకు ఆలస్యంగానే వచ్చాయి.

స్నానానికి మిగిలిన చోటు నా హాస్టలే. అమీర్‌పేటలో ఆ రోజుల్లో గోడలు కనిపించేవి కావు, కోచింగ్ బోర్డులే. కారు దిగగానే ఎవరో అమ్మ చేతిలో కూడా ఒక కరపత్రం పెట్టారు, ముప్పై రోజుల్లో ఒరాకిల్ అని. నీకు పనికొస్తుందేమో అని అమ్మ దాన్ని మడిచి సంచిలో దాచింది. హాస్టల్ గేటు దగ్గర మళ్లీ ఆగింది. హాస్టల్ ఎవరిల్లూ కాదమ్మా అని లోపలికి తీసుకెళ్లాను. అన్నయ్య మావయ్యకి చెప్పి వస్తానని పంజాగుట్ట వెళ్లాడు.

మా వార్డెనక్క మహబూబ్‌నగర్ మనిషి. కింది గదిలో ఉండేది. ముప్పైమంది ఆడపిల్లల్ని ఒంటిచేత్తో కాసేది. పొద్దుగూకే వేళ తలస్నానం ఏంటని అడిగితే మ్యూజియం సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. బకెట్లో నీళ్లు పట్టి హీటరు పెట్టింది. అమ్మ స్నానాల గదిలోకి వెళ్లాక కాసేపు చెంబు చప్పుడు వినిపించింది. తరవాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. నేను తలుపు బయట తువ్వాలుతో నిలబడ్డాను. పిలవలేదు.

ఏడు గంటలకి మావయ్యే గేటు దగ్గరికి వచ్చాడు, అన్నయ్యతో. మగవాళ్లు లోపలికి రాకూడదు గనక అమ్మే బయటికి వెళ్లింది. ఆడపిల్లవాళ్లు భోజనాలకి ఉండిపోయారట. తెల్లారి తాంబూలాలు పుచ్చుకుని గానీ వెళ్లరట. అత్తయ్య ఏమీ అనలేదు గానీ, అంటూ ఆయన ఆగిపోయాడు. చేతిలో చీర కవరుంది. నిద్ర చేయించాక పుట్టింటివాళ్లు పెట్టాల్సిన చీర అది. ఆటోలు హారన్లు కొడుతుంటే, వచ్చేపోయే ఆడపిల్లలు చూస్తుంటే, ఆ చీర అమ్మ చేతిలో పెట్టి పెద్దమనిషి ఏడ్చేశాడు. అమ్మ ఆయన వీపు నిమిరింది.

"నాకు తెలియదంట్రా? శుభకార్యం ముందు. నేనెక్కడ పడుకుంటే ఏంటి," అంది.

ఆ రాత్రి అమ్మ నా మంచం మీద పడుకుంది, నేను కింద చాప మీద. బయటివాళ్లని ఉంచుకోకూడదన్న రూలు వార్డెనక్కే పక్కన పెట్టింది. "నీ నిద్ర ఈడనే అయితదిలే వదినా," అని దుప్పటి తెచ్చిచ్చింది. మా గదిలో పిల్లలు ముగ్గురూ పెద్దావిడ ఉందని వాళ్ల పుస్తకాలు పట్టుకుని వరండాలోకి వెళ్లారు. చీర కవరు తలకింద పెట్టుకుని అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

పొద్దున్న నేను స్నానం చేసి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది, దుప్పటి మడతపెట్టి ఉంది. టిఫిన్ చేసి, సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని, అమ్మకి చెప్పి వెళ్దామని చూస్తే ఎక్కడా లేదు. వార్డెనక్క వంటగది గుమ్మంలో ఉల్లిపాయలు తరుగుతోంది.

"మీ అమ్మ మీద టెర్రస్‌కి పోయింది. నువ్వు పోయినంకనే దిగుతనన్నది," అంది.

ఇంటర్వ్యూకి వెళ్లే కూతురికి తాను ఎదురు పడకూడదని అమ్మ టెర్రస్ ఎక్కింది. పద్దెనిమిదేళ్లు సందు చుట్టూ తిరిగొచ్చి మరీ ఎదురొచ్చిన మనిషి.

వార్డెనక్క కత్తిపీట పక్కకి జరిపి నా వైపు చూసింది.

"నా మొగడు పోయి పదేండ్లాయె. దినాం ముప్పై మంది ఆడపిల్లలు నా ముంగట్నించే పోతున్నరు. ఎవల నౌకరీ ఆగలే. పోయి జర పిలుసుకరా," అంది.

నేను మెట్లెక్కడం మొదలుపెట్టాను. సగం దాకా వెళ్లాను. అక్కడి నుంచి నీళ్ల ట్యాంకు పక్కన అమ్మ చీర అంచు కనిపించింది. అమ్మా అంటే వినిపించేంత దూరమే. ఎదురు రా అనాలి, అంతే. ఆవిడ రానంటుంది, నేను రమ్మంటాను, ఆవిడ ఏడుస్తుంది, అప్పుడు నేనూ ఏడుస్తాను, బస్సు పోతుంది. ఇదంతా ముందే చూసేసినట్టు తోచి అలిసిపోయాను. గడియారం చూసుకుని, చప్పుడు కాకుండా దిగిపోయాను.

ఉద్యోగం వచ్చింది. రెండ్రోజుల తరవాత, మావయ్య ఇంట్లో జరగాల్సిన నిద్ర కూడా ఆలస్యంగానైనా జరిగాక, ఆ కబురు అమ్మకి చెప్పాను. నెలన్నర తరవాత అమ్మ మొహంలో మొదటిసారి సంతోషం చూశాను. నా తల నిమిరి, "చూశావా, నేను ఎదురు రాలేదు గనకే," అంది.

వార్డెనక్క అన్న మాట అప్పుడు చెప్పాను. వింది. పాపం మంచి మనిషి అంది, అంతే. ఉద్యోగం వచ్చిన కాయితం నా చేతిలో ఉంటే ఇంక నా వాదన ఎవరు వింటారు? ఆ తరవాత నా పెళ్లిలో అమ్మ వంటల దగ్గరే ఉండిపోయింది. నా కూతుర్ని మొదటిసారి బడికి పంపిన రోజున పక్కగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. రమ్మని అప్పుడు పిలిచాను, గట్టిగానే పిలిచాను. లోపలి నుంచి, "ముందు దాన్ని తీసుకెళ్లవే, వేళవుతోంది," అని వినిపించింది.